స్టేషన్‌కి ఏడు నిమిషాలు

ఫోను దొరికింది. మనిషి దొరకలేదు.

గురువారం మధ్యాహ్నం రెండున్నర. రైలు లైను చిట్టచివరి స్టేషన్‌లో, పోయిన వస్తువుల కౌంటర్ ముందు నిలబడి ఉంది నర్సు. బల్ల మీద ప్లాస్టిక్ కవర్లో ఉన్నది తన భర్త ఫోనే. మూలన పగిలిన అద్దం. వెనక కూతురు అంటించిన చేప బొమ్మ స్టిక్కర్.

"మీ ఆయనదేనా?" అడిగింది ఇన్స్పెక్టర్.

"ఆయనదే మేడమ్."

ఇన్స్పెక్టర్ యాభై దాటిన మనిషి. మొదటి ప్రశ్నకి జవాబు పూర్తికాకముందే రెండోది వేస్తుంది. పోలీస్ స్టేషన్‌లో కానిస్టేబుళ్ళు వెనకాల ఆమెని 'అత్తగారు' అని పిలుచుకుంటారు. ఆ సంగతి ఆమెకి తెలుసు. తెలిసీ ఏమీ అనదు. వాళ్ళకి అదే పెద్ద భయం.

"ఇది ఎప్పుడు దొరికింది?" కౌంటర్ మనిషిని అడిగింది.

"నిన్న సాయంత్రం మేడమ్. బండి ఊడ్చేటప్పుడు."

"ఏ బోగీలో?"

"మొదటి బోగీ. సీటు కింద. అక్కడే ఒక జడ క్లిప్పూ, చంటిపిల్ల మేజోడూ దొరికాయి. అవి కూడా చూపించమంటారా?"

"వద్దు," అంది ఇన్స్పెక్టర్. కాసేపు ఆ ఫోను వంకే చూసింది. తర్వాత నర్సు వైపు తిరిగింది. "ఇద్దరూ కలిసి రైలెక్కితే పక్కపక్కనే కూర్చుంటారా?"

"లేదు మేడమ్. నేనో బోగీ, ఆయనో బోగీ. దిగాక కలుసుకుంటాం."

నర్సు యథాలాపంగా చెప్పేసింది. అప్పటికి ఆమె బుర్ర పని చేసే స్థితిలో లేదు. ఫోను చివరి స్టేషన్ దాకా వచ్చిందంటే ఆయన రైలెక్కాడన్నమాట. రైలెక్కి, ఇంటికి కాకుండా ఇటు వచ్చాడన్నమాట. తనని వదిలేసి వెళ్ళిపోయాడా?

జీపు ఎక్కాక ప్రశ్నలు మొదలయ్యాయి.

"అప్పులున్నాయా?"

"లేవు."

"తాగుతాడా?"

"అయ్యో, లేదు మేడమ్."

"ఎవరితోనైనా స్నేహం..."

"కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసే మనిషి మేడమ్. షాపు, ఇల్లు, పాప. అంతే ఆయన లోకం."

"గొడవ పడ్డారా?"

నర్సు హ్యాండ్‌బ్యాగ్ జిప్పు తెరిచి, మళ్ళీ మూసింది. ఇన్స్పెక్టర్ మొదటిసారి రెండో ప్రశ్న వెయ్యకుండా ఆగింది.

పడ్డారు. మంగళవారం రాత్రి, కొనాలనుకున్న ఇంటి గురించే.

ఏడాదిగా ప్రతి ఆదివారం ఇళ్ళు చూస్తున్నారు. నర్సుకి షిఫ్టు డ్యూటీలు. రైలు దగ్గర్లో లేకపోతే కుదరదు. నగరం నడిబొడ్డు నుంచి ఒక్కో స్టేషన్ జరిగేకొద్దీ ఇంటి ధర ఒక్కో మెట్టు దిగుతుంది. అలా జరిగి జరిగి, చివరి నుంచి మూడో స్టేషన్ దగ్గర ఒక ఫ్లాట్ కుదిరింది. పట్టాల పక్కనే. నాలుగో అంతస్తు. రెండు గదులు, పాపకి ఇంకో చిన్న గది. ధర విని ఇద్దరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. అంత చవక.

చూపించిన బ్రోకర్‌ని ఆ లైనులో అందరూ 'ఏడు నిమిషాలు' అంటారు. ఏ ఇల్లు చూపించినా స్టేషన్‌కి ఏడు నిమిషాలే అంటాడు మరి. అరగంట నడిచి ఆయాసపడుతున్నవాళ్ళకి కూడా అదే మాట.

ఈ ఇల్లు మాత్రం నిజంగానే ఏడు నిమిషాలు.

అయితే భర్తకో అలవాటుంది. ఇల్లు చూడ్డానికి వెళ్తే జేబులో కూతురి గోలీ ఒకటి వేసుకుంటాడు. గది మధ్యలో నేల మీద పెట్టి, చెంప నేలకానించి చూస్తాడు. దొర్లిందా, ఆ ఇల్లు వద్దు. కానీ ఆదివారం గోలీ పెట్టడానికి వీల్లేకపోయింది. గదుల నిండా ఈ గోడ నుంచి ఆ గోడ దాకా దళసరి తివాచీ పరిచి ఉంది.

"ఆ తివాచీ ఎత్తి చూడాలి," అన్నాడు మంగళవారం.

"ఇంకెన్నిళ్ళు చూస్తారు? గోలీలాడుకుంటూ కూర్చోండి, ఇల్లు కాస్తా ఇంకోళ్ళు ఎగరేసుకుపోతారు!" అని విసుక్కుంది నర్సు.

బుధవారం మధ్యాహ్నం భోజనం వేళ, ఇల్లు చూసొస్తానని షాపులో చెప్పి బయల్దేరాడు. మళ్ళీ రాలేదు. ఆ ఒక్క మాటా అనకుండా ఉంటే తన నాలుకేం ఊడిపోయేదని నర్సు రాత్రంతా ఏడ్చింది. ఈ ఉదయం పాప ఆమె చేతిలో ఇంకో గోలీ పెట్టింది. "నాన్న తన గోలీ పారేసుకుని వెతుక్కుంటున్నాడేమో. ఇదిచ్చెయ్యి, వచ్చేస్తాడు," అంది. అది ఇప్పుడు నర్సు హ్యాండ్‌బ్యాగ్‌లో ఉంది. ఇదంతా ఇన్స్పెక్టర్‌కి చెప్పేసింది.

"ఆ ఇంటావిడ ఏం చెప్పింది?" అడిగింది ఇన్స్పెక్టర్.

"రిటైరైన టీచరమ్మ మేడమ్. ఒంటరిగా ఉంటుంది. ఆయన వచ్చారట, మంచినీళ్ళు తాగారట, రైలుకి టైమైందని వెళ్ళిపోయారట. పొద్దున మీ కానిస్టేబుల్‌కి అదే చెప్పింది."

"మంచావిడేనా?"

"చాలా మంచావిడ. పాపని ఒళ్ళో కూర్చోబెట్టుకుని కథ చెప్పింది. నాకు ఆ బ్రోకర్ మీదే అనుమానం."

జీపు బిల్డింగ్ ముందు ఆగింది. బ్రోకర్ గేటు దగ్గరే ఉన్నాడు. ఫోన్ చేసి రమ్మన్నందుకు అప్పటికే ముచ్చెమటలు పోస్తున్నాయి.

"నిన్న మధ్యాహ్నం ఎక్కడున్నావు?"

"వేరే పార్టీకి ఇల్లు చూపిస్తున్నానండి. కావాలంటే అడగండి. స్టేషన్‌కి ఏడు నిమి..."

"నోరు మూసుకుని పైకి నడువు."

లిఫ్ట్ తలుపుకి 'పని చేయదు' అని అట్టముక్క వేలాడుతోంది. అట్ట వెలిసిపోయి ఉంది. "వచ్చే వారం బాగు చేస్తారండి," అన్నాడు బ్రోకర్, అడక్కుండానే.

కానిస్టేబుల్‌తో సహా అందరూ మెట్లెక్కారు. రెండో అంతస్తులో రెండు తలుపులకీ తాళాలు. మూడో అంతస్తులోనూ అంతే. మనుషులు లేరు గానీ మెట్ల నిండా టీవీ మోత. పైనుంచి ఎవరో వార్తలు అరుస్తున్నట్టుంది. ఆ ఖాళీ మెట్ల మీద ఆ మోత వింటుంటే నర్సుకి ఒళ్ళు జలదరించింది. ఎందుకో తెలీదు. ఇక్కణ్ణుంచి పారిపోవాలనిపించింది.

టీచరమ్మ తలుపు తీసింది. శుభ్రమైన చీర, నవ్వు మొహం. కళ్ళ కింద మాత్రం నల్లటి చారలు.

"రా అమ్మా. కబురేమైనా తెలిసిందా?"

"లేదు టీచర్ గారూ."

"ఆ టీవీ కాస్త తగ్గిస్తారా?" అరిచి అడిగింది ఇన్స్పెక్టర్.

"ఏమనుకోకండి. నాకు చెవులు సరిగా వినపడవు. పెద్దగా పెట్టుకోవడం అలవాటైపోయింది," అంది టీచరమ్మ. తగ్గించలేదు.

అందరూ కూర్చున్నారు. నర్సుకి నోరు పిడచకట్టుకుపోయింది. టీవీ మోత ఒక్క క్షణం ఆగినప్పుడు, పక్కనున్న ఇన్స్పెక్టర్ చెవిలో, "కాసిని మంచినీళ్ళు దొరుకుతాయా మేడమ్?" అని గొణిగింది.

గదికి అవతలి మూల నుంచి టీచరమ్మ లేచి, వంటింట్లోకి వెళ్ళి గ్లాసుతో వచ్చింది.

ఇన్స్పెక్టర్ కనుబొమ్మ కొంచెం లేచింది.

అంతలో రైలొచ్చింది. కిటికీ పక్కనే. అద్దాలు గలగలలాడాయి. గ్లాసులో నీళ్ళు వణికాయి. టీచరమ్మ నవ్వుతూనే ఉంది. కానీ ఆవిడ రెండు చేతులూ బల్ల అంచుని పట్టేసుకున్నాయి. వేళ్ళ కణుపులు తెల్లబడ్డాయి. రైలు వెళ్ళిపోయాక కూడా వదల్లేదు.

ఈవిడకి భయం, అనుకుంది నర్సు. నాకంటే ఎక్కువ భయం. ఎందుకు?

"అమ్మాయ్, ఆ గోలీ ఇటివ్వు," అంది ఇన్స్పెక్టర్.

టీచరమ్మ నవ్వు ఆగిపోయింది.

ఇన్స్పెక్టర్ సైగ చేయగానే కానిస్టేబుల్ తివాచీ అంచు పట్టుకుని చరచరా చుట్టేశాడు. కింద నున్నటి పలకలు. ఇన్స్పెక్టర్ వంగి గోలీని గది మధ్యలో పెట్టి చెయ్యి తీసింది.

ఒక్క క్షణం కదల్లేదు.

తర్వాత కదిలింది. మెల్లగా. ఎవరో వేలితో నెడుతున్నట్టు. అక్కణ్ణుంచి వేగం పుంజుకుని, దొర్లుకుంటూ వెళ్ళి పట్టాల వైపు గోడకి టక్కున తగిలింది.

నర్సుకి పై ప్రాణాలు పైనే పోయాయి. తను కూర్చున్న ఇల్లే వంగి ఉంది. నాలుగంతస్తుల బిల్డింగ్, మనుషులతో సహా ఒరిగి ఉంది.

"లిఫ్ట్ ఎందుకు ఆగిపోయిందో ఇప్పుడర్థమైంది," అంది ఇన్స్పెక్టర్. "బిల్డింగ్ ఒరిగితే లిఫ్ట్ ఇరుక్కుంటుంది. కింది వాళ్ళు తాళాలేసి వెళ్ళిపోయింది కూడా అందుకే. ఏమయ్యా, తివాచీ ఐడియా నీదేనా?"

బ్రోకర్ నీళ్ళు నమిలాడు. "అది... చూడ్డానికి బాగుంటుందని..."

ఇన్స్పెక్టర్ లేచి వెళ్ళి టీవీ ప్లగ్ పీకేసింది.

ఒక్కసారిగా నిశ్శబ్దం. చెవులు గుయ్యిమన్నాయి.

"వద్దు," అంది టీచరమ్మ. "వద్దండీ."

అప్పుడు వినిపించింది.

టక్.

చాలా చిన్న చప్పుడు. గోడ వెనక నుంచి. ఇనుము మీద గాజు తగిలినట్టు.

టక్... టక్.

నర్సు గ్లాసు జారవిడిచింది. తలుపు తోసుకుని బయటికి పరిగెత్తింది. ఆ చప్పుడు లిఫ్ట్ లోపల్నుంచి వస్తోంది. కానిస్టేబుల్ తలుపు బలంగా లాగాడు. లోపల చీకటి, గ్రీజు వాసన. టార్చ్ వేస్తే కిందకి ఒక అంతస్తు లోతులో ఇరుక్కుపోయిన లిఫ్ట్ కప్పు కనిపించింది. కప్పు మీద, కాలు వంకరగా మడతపడి, మనిషి. కళ్ళు మూసుకునే ఉన్నాయి. చెయ్యి మాత్రం కదులుతోంది. వేళ్ళ మధ్య గోలీ.

"ఏవండీ!"

ఆ కేకకి చెయ్యి ఆగింది. మళ్ళీ ఒకసారి కొట్టింది. టక్.

ఫైర్ ఇంజన్ వచ్చేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. నర్సు ఆ తలుపు దగ్గర్నుంచి కదల్లేదు. బోర్లా పడుకుని, తల లోపలికి పెట్టి, మాట్లాడుతూనే ఉంది. పాప సంగతి, షాపు సంగతి, నోటికొచ్చిన సంగతి. రైలు వెళ్ళినప్పుడల్లా చీకట్లో ఇనుము కిర్రుమనేది. ఆమె కళ్ళు గట్టిగా మూసుకునేది.

మనుషులు తాళ్ళతో దిగుతుండగా, గదిలో ఇన్స్పెక్టర్ టీచరమ్మ ఎదుట కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఆయన రైలెక్కలేదని నాకు కౌంటర్ దగ్గరే తెలిసింది టీచర్ గారూ. ఫోను మొదటి బోగీలో దొరికింది. ఈ లైనులో మొదటి బోగీ ఆడవాళ్ళది. జడ క్లిప్పులూ చంటిపిల్లల మేజోళ్ళూ దొరికే చోటు. భార్యతో కలిసి వెళ్ళినా వేరే బోగీ ఎక్కే మనిషి, ఒంటరిగా వచ్చి అందులో ఎక్కుతాడా? ఫోను పెట్టింది ఆడమనిషి. ఆలోచించి చేసుంటే ఏ నాలుగో బోగీలోనో పడేసేవారు. కానీ కాళ్ళు రోజూ వెళ్ళే చోటికే వెళ్ళాయి."

టీచరమ్మ తలెత్తలేదు.

"చెవులు వినపడవన్నారు. ఈ అమ్మాయి నా చెవిలో నీళ్ళడిగితే మీరు తెచ్చారు. మరి టీవీ ఎందుకంత పెద్దగా పెట్టారు? మీకు వినపడకూడనిదేదో ఈ ఇంట్లో ఉండబట్టి. బతికున్నాడని ఎప్పుడు తెలిసింది?"

"ఇవాళ తెల్లారి," అంది టీచరమ్మ. "టక్కుమని వినిపించింది. టీవీ పెట్టేశాను."

బయట నేల మీద పడుకున్న నర్సుకి ఆ మాటలు వినపడ్డాయి. లేచి వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఆయన ఫోను ఈ బల్ల మీద పెట్టి తివాచీ ఎత్తాడు. గోలీ పెట్టి చూశాడు," టీచరమ్మ చెప్పుకుపోతోంది. "లిఫ్ట్ తలుపు లాగి, తాళంచెవులకి దారం కట్టి లోపలికి వదిలాడు. నిటారుగా వేలాడాల్సిన దారం పోయి గోడకి తగిలింది. 'టీచర్ గారూ, మీరూ ఇక్కడుండకండి, ప్రమాదం. ఇవాళే మున్సిపల్ ఆఫీసులో చెప్పి బిల్డింగ్ ఖాళీ చేయిస్తాను' అన్నాడు. నా మంచికే అన్నాడు. నాకు మాత్రం ఒకటే అర్థమైంది. ఇంక ఈ ఇల్లు ఎవరూ కొనరు. నేను ఇందులోనే చస్తాను. ఆయన వంగి చూస్తున్నాడు. నా చెయ్యి..."

ఆగిపోయింది.

"ఆ చిన్న గది పాపకి బాగుంటుందన్నారు," అంది నర్సు. ఆమె గొంతు ఆమెకే కొత్తగా ఉంది. "దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని అన్నారు. పట్టాల వైపు గది."

టీచరమ్మ ఆమె మొహం చూడలేకపోయింది.

బయట కేక వినిపించింది. పైకి తెచ్చారు. నర్సు పరిగెత్తి స్ట్రెచర్ పక్కన కూలబడి మణికట్టు పట్టుకుంది. నాడి సన్నగా ఉంది. కానీ ఉంది. భర్త పెదాలు ఎండిపోయి పగిలాయి. కళ్ళు తెరిచి ఆమెని చూశాడు.

"ఇల్లు వంకరే," అన్నాడు.

"తెలుసు."

"మనకొద్దు."

"వద్దు. మీరు చెప్పిన ఇల్లే కొందాం. ఎన్నాళ్ళైనా చూద్దాం," అంటూ నర్సు ఏడుస్తూనే నవ్వింది.

బిల్డింగ్‌లో మిగిలినవాళ్ళని అప్పటికప్పుడు ఖాళీ చేయించారు. బ్రోకర్ తలొంచుకుని కానిస్టేబుల్ పక్కన నడిచాడు. కింద అంబులెన్సూ, జీపూ పక్కపక్కనే ఆగి ఉన్నాయి. టీచరమ్మ జీపు మెట్టు మీద కాలు పెట్టి, ఆగి, ఇన్స్పెక్టర్‌ని అడిగింది.

"ఇవాళ రాత్రికి నన్ను మళ్ళీ ఈ ఇంటికి పంపరు కదా?"

"పంపం."

"రేపు?"

"రేపు కూడా పంపం."

టీచరమ్మ పెద్దగా ఊపిరి వదిలి ఎక్కి కూర్చుంది. అంబులెన్స్ తలుపు వేసేలోగా నర్సు అటు చూసింది. ఆవిడ అప్పుడే సీటుకి తల ఆనించి నిద్రపోయింది. పక్కన పట్టాల మీద రైలొకటి పెద్ద చప్పుడు చేసుకుంటూ వెళ్ళింది. ఆవిడకి మెలకువ రాలేదు.