కోతి కడుపులో బాక్టీరియా

పవర్ హౌస్ మార్కెట్లో వాన దంచుతోంది. కుముదిని మెడికల్ షాపులోకి వచ్చి, గొడుగు ముడవకుండానే పాలల్లో కలుపుకునే పౌడర్ డబ్బా కౌంటర్ మీద ఠక్కున పెట్టింది.

"మా అక్కకి ఇదెవరు అంటగట్టారు?"

లక్ష్మీప్రసాద్ కాలర్ సర్దుకున్నాడు. అందమైన అమ్మాయి తిట్టడానికి వచ్చినా అతనికి పండగే.

"నేనేనండి. కడుపులో బిడ్డకి మంచి బాక్టీరియా అందుతాది. డబ్బా మీదే రాసుంది కదా!"

"రాసేస్తే అయిపోద్దా? పుణె ల్యాబ్‌లో నా పనే అది. కడుపుతో ఉన్న కోతుల గర్భంలో సూక్ష్మజీవులు ఉన్నాయా లేవా అని వెతకడం."

"కోతులకా? బాప్‌రే! దొరికాయేటి?"

"దొరికాయని గంతులేశాం. తీరా చూస్తే చాలామట్టుకు మా కెమికల్స్‌లోంచి, మా చేతుల మీంచి అంటుకున్నవే. అసలుంటాయా అని సైంటిస్టులే ఇంకా కొట్టుకుంటన్నారు. మీరేమో డబ్బాల్లో పోసి అమ్మేస్తన్నారు!"

"అంటే సైన్స్ కన్నా మేమే ఫాస్ట్!"

ఆమె నవ్వలేదు.

"అక్కకి ఇదివరకు కడుపు నిలవలేదు. ఈసారైనా నిలవాలని, డాక్టరిచ్చిన మాత్రలు మానేసి ఇది తాగతంది. తెల్సా?"

లక్ష్మీప్రసాద్ డబ్బా లోపలికి లాక్కున్నాడు. తమ్ముడూ అని ఆప్యాయంగా పిలిచే కుముదిని అక్క నీలిమకి, "పక్కా పనిచేస్తాది దీదీ" అని చెప్పింది తనే.

ఆ సాయంత్రమే షాపు ముందున్న పౌడర్ ప్రకటన బోర్డు పీకేశాడు. "బోర్డు తీసేస్తే ఏటి అమ్ముతావురా, నీతులా?" అని తండ్రి ఆదిశేషు బజారంతా వినేలా అరిచాడు. కొడుకు తడుస్తూనే క్యాంప్ 1 బస్తీలో నీలిమ పుట్టింటికి వెళ్లాడు.

"దీదీ, తెలీకుండానే చెప్పేశాను. మాఫ్ చెయ్యండి. మాత్రలు మాత్రం మానొద్దు."

నీలిమ కడుపు మీద చెయ్యేసుకుని చాలాసేపు ఏడ్చింది. గుమ్మంలో నిలబడ్డ కుముదిని అతనికి తువ్వాలు అందించింది, విసురుగానే.

మర్నాడు డాక్టరు దగ్గరికి ఆటో అతనే తెచ్చాడు. తర్వాతా తెస్తూనే ఉన్నాడు. పండంటి ఆడపిల్ల పుట్టింది. మేనకోడల్ని చూడటానికి పుణె నుంచి వచ్చిన కుముదినితో, పెరట్లో ధైర్యం కూడగట్టుకుని అనేశాడు.

"మీరంటే నాకిష్టమండి."

"రుజువేటి?"

"చెప్పినాను కదా!"

"ఒక్కసారొచ్చిన రిజల్టు మా ల్యాబ్‌లో ఎవరూ నమ్మరు. రేపు మళ్లీ చెప్పండి."

మర్నాడు చెప్పాడు. ఆ మర్నాడూ చెప్పాడు. చివరికి కుముదిని తల్లి తులసమ్మ వంటింటి కిటికీలోంచి కేకేసింది.

"ఎన్నిసార్లు చెప్పిస్తావే? కుర్రాడి గొంతు పోతాది. హా అనెయ్!"

కుముదిని అనేసింది.