లంకలో పోయిన గొంతు

...చకారమున్న మాటలన్నీ కొట్టేయడం కంటే 'చ' అక్షరం ముందు ఒక్క క్షణం ఆగడం అలవాటు చేసుకుంటే చాలు, అనుకుంది స్వర్ణకుమారి. నాలుకను గడప దగ్గర నిలబెట్టి, కాళ్ళు కడుక్కున్నావా అని అడిగి లోపలికి పంపాలి. ఎనిమిదో తరగతిలో ఆ జాగ్రత్త ఎక్కువై, సముద్రాన్ని 'చముద్రం' అంది. క్లాసంతా నవ్వింది. తను పెరిగిన నిమ్‌పురా రైలు క్వార్టర్లలో చేప సేపే, చాప సాపే. అక్కడ ఎవరికీ సిగ్గు లేదు. సిగ్గు బడిలో నేర్చుకున్నది. సాయంత్రం పాటలు కట్టే ఎలీసమ్మను సభకు పరిచయం చేయవలసింది తనే. ఆ పరిచయంలో చకారాలు ఎన్ని ఉన్నాయో...

"స్వర్ణా, పడవ ఆపించాను. మనం తేల్చేదాకా లంక దాటి ఎవరూ పోరు," అన్నాడు వెనక నుంచి జ్ఞానప్రకాశం.

ఆమె ఉలిక్కిపడి నదివైపు నుంచి తిరిగింది. 1994 ఫిబ్రవరి ఎండలో కాసాయి నది సన్నగా పారుతోంది. దాని నడుమ ఇసుకదిబ్బను బెంగాలీలు చర్ అంటారు, తెలుగువాళ్ళు లంక అంటారు. ఖరగ్‌పూర్ తెలుగువాళ్ళు ఈ ఏడు అక్కడే సాహిత్యం, ఆలోచనల పండుగ పెట్టుకున్నారు. రైల్వే పోలీసు ఉద్యోగం మాని గోల్‌బజార్‌లో డిటెక్టివ్ ఆఫీసు నడుపుతున్న జ్ఞానప్రకాశం, అతని సహాయకురాలు స్వర్ణ వినడానికే వచ్చారు; పరిచయం చేసే పని వచ్చాకే స్వర్ణ మీద పడింది. మధ్యాహ్నం భోజనాలవేళ ఎలీసమ్మ ఖాళీ గుడ్డసంచి పట్టుకుని వాళ్ళ దగ్గరికి పరుగున వచ్చింది.

ఇంజన్ షెడ్డులో బూడిద మోస్తూ ఆమె కట్టిన పాటలు నిమ్‌పురా అంతటికీ వచ్చు. కిందటేడు గొంతుకు ఆపరేషన్ అయింది. ఇప్పుడు గాలి తప్ప స్వరం రాదు. పాటలన్నీ మిగిలింది ఒక్క క్యాసెట్‌లో. సాయంత్రం దాన్నే వినిపించాలి. సంచి ఒడ్డున దొరికింది, క్యాసెట్ లేదు.

"అందులో నువ్వొక్కదానివే పాడినావా, పిన్నీ?" జ్ఞానప్రకాశం అడిగాడు.

"సిలకమ్మ వంత పాడినాది," ఎలీసమ్మ గాలి గీరుకున్నట్టు అంది. "ఆ టేపు సేసినాక ఎన్నాళ్ళో బతకలేదు. పాట మజ్జిలో కొడుకుని పిలిసినాది, అదీ ఉంది."

"కొడుకెవరు?"

"సదువుకుని దొరైపోనాడు. ఎవుడని అడక్కు బాబూ. పోయినదాని కొడుకు, నా నోటితో సెప్పను."

వంటలు చూసే తవిటయ్య పొగకు కళ్ళు నులుముకుంటూ జరిగింది చెప్పాడు. "తెర ఎనకాల నుంచి సెయ్యి ఒచ్చినాది. 'ఆ చంచి ఇలా అందించు' అని గుసగుసలాడినాడు. మైకు మోతలో గొంతు పోల్సుకోలేదు. నవ్వొచ్చినాది, చంచి ఏటి చంచి? నా పక్కనే ఉంటే అందించేసినాను."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. స్వర్ణ నవ్వలేదు. జ్ఞానప్రకాశం తవిటయ్యనూ చూడలేదు, తెరనూ చూడలేదు. ఆమె ముఖాన్నే ఒక క్షణం చూశాడు.

ఆ వేళ భోజనాల బంతిలో కూర్చోనివాళ్ళు ముగ్గురు. అధ్యక్షుడు సోమేశ్వరరావు తెనాలి నుంచి వచ్చి స్థిరపడ్డ రిటైర్డ్ హెడ్‌మాస్టరు.

"ఆవిడ పాటలు సాహిత్యమేనా అని కమిటీలో అడిగిన మాట నిజమే," అన్నాడాయన. "అడిగితే దొంగనవుతానా? ఆ సంచి నేను కన్నెత్తి చూడలేదు."

మైకు నడిపే ఆర్థర్ వైర్లు చుడుతూనే జవాబిచ్చాడు. "నాకేటి తెల్సు దాదా? టేపు పోతే నా డబ్బా ఊరికే కూసోవాల. ఆ సంచి ముట్టుకుంటే ఎలీసమ్మత్త నా సెవి మెలిపెట్టీది."

కార్యదర్శి ఈశ్వరప్రసాద్ రైల్వే ఆఫీసులో పెద్ద గుమాస్తా. ఇసుక కాలుతున్నా ఉన్నికోటు బొత్తాలన్నీ పెట్టుకుని, నుదురు తుడుచుకుంటున్నాడు.

"పండితుల ఇంట పుట్టినవాణ్ణి. ఇలాంటి నీచం నా చేత కాదు," అన్నాడు. "ఇది బయటివాళ్ళ పనే. అందులో చందేహం లేదు."

"లేదు," అని ఒప్పుకున్నాడు జ్ఞానప్రకాశం.

సాయంత్రం ఎలీసమ్మనూ కమిటీవాళ్ళనూ ఆర్థర్‌నూ ముందు చాపల మీద కూర్చోబెట్టాడు, మిగతా జనం వెనక నిలబడ్డారు. స్వర్ణ మాత్రం వేదిక పక్క కుర్చీలో కూర్చుంది.

"ఇక్కడ మూడు రకాల నాలుకలున్నాయి," అన్నాడు జ్ఞానప్రకాశం. "మాస్టారికి చకారం పుట్టుకతో వచ్చింది. ఆర్థర్‌కి రాలేదు, అతనికి బెంగా లేదు. ఈ ఇద్దరూ సంచిని సంచి అనే అంటారు. చంచి అనేది మూడో నాలుక. చకారం రాని ఇంట పుట్టి, ఆ సంగతి ఎక్కడ బయటపడుతుందోనని భయపడేది. ఆ భయంలో అక్కర్లేని చోట కూడా చ పెడుతుంది. సంచిని చంచి, సందేహాన్ని చందేహం చేస్తుంది."

అందరూ ఈశ్వరప్రసాద్ వైపు తిరిగారు. అతని చేయి కోటు మీదికి పోయింది.

"గొంతు నచ్చనివాడు క్యాసెట్‌ను ఏట్లో పారేసేవాడు, ఏరు పదడుగుల్లో ఉంది. ఈయన పారేయలేక ఇంత ఎండలో కోటు విప్పకుండా కూర్చున్నాడు. వంత పాడిన చిలకమ్మ ఈయన తల్లి. పాట మధ్యలో కొడుకుని పిలిచింది. ఆ పిలుపు సభలో మోగితే పండితుల ఇల్లు కూలిపోతుంది. పారేస్తే అమ్మ గొంతు మళ్ళీ దొరకదు. అంతేనా, ప్రసాద్ గారూ?"

ఈశ్వరప్రసాద్ బొత్తాలు ఒక్కొక్కటే విప్పాడు. క్యాసెట్ తీసి ఎలీసమ్మ ఒడిలో పెట్టాడు. "ఇంటికి పోయి ఒక్కసారి యిని, తెచ్చిచ్చేద్దామనుకున్నాను, పెద్దమ్మా," అన్నాడు. అతని మాటలో చకారం సవ్యంగానే పలికింది. 'విని' మాత్రం నిమ్‌పురాకు వెళ్ళిపోయింది.

ఎలీసమ్మ అతని చెవి మెలిపెట్టింది. "నన్నడిగితే ఇవ్వనేటిరా, ఎర్రినాయాలా. కూకో. అందరితో యిను."

స్వర్ణ గొంతు తగ్గించి అడిగింది: "చంచి అన్న మాట వినగానే మీకెలా తెలిసింది?"

"ఎనిమిదో తరగతి సంగతి ఒకసారి నాకు చెప్పావు," అన్నాడు జ్ఞానప్రకాశం. "తవిటయ్య చెబుతున్నప్పుడు నువ్వొక్కదానివే నవ్వలేదు."

ఆర్థర్ క్యాసెట్ పెట్టి మైకు ఆమె వైపు తిప్పాడు. రాసుకున్న పరిచయాన్ని స్వర్ణ ఒకసారి చూసింది. మడిచి కుర్చీలో పెట్టి లేచింది. వెనక నిలబడ్డ జనం వైపు చేయి ఊపి, మైకులో ఎక్కడా ఆగకుండా అంది:

"ముందుకొచ్చి సాప మీద కూసోండి. మా ఎలీసమ్మత్త పాడతాది."