మూడో పాట మీద గీత

మా పక్కింటి వెల్డరు పోయినప్పుడు వీధిలో చాలామంది ఏడ్చారు. మందుల షాపాయన మాత్రం, పాపం, ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు. ఆయన బాధ ఆయనది. వెల్డరు దగ్గర ఎనభైలనాటి హెవీ మెటల్ పాటల రికార్డు ఒకటుండేది. అట్ట మీద ఇనుప ముసుగు వేసుకున్న గుర్రం. పాడేవాడు పన్ను పీకించుకుంటున్నట్టు అరిచేవాడు. రోజూ పొద్దుగూకేసరికి అది మొదలయ్యేది.

రెండో వైపు మూడో పాట మీద గీత పడింది. ముల్లు అక్కడ ఇరుక్కుని ఒకే అరుపు అరిచేది. వెల్డరు లేచి వేలితో చిన్నగా తడితే పాట ముందుకు సాగేది.

"ఆ గీతే లేకపోతే ఈ మనిషి కుర్చీలోంచి లేవడు వదినా," అనేది ఆయన భార్య, మా టైలరు వదిన.

ఆయన పోయాక కూడా ఆమె ఆ రికార్డు పెడుతూనే ఉంది. గోడకి చెవి ఆనించడం నా అలవాటని కాదు, గోడే పల్చన. అరుపు ఇరుక్కునేది. కాసేపటికి సాగేది. ఆమే లేచి తడుతోందనుకున్నాను.

ఒక ముసురు సాయంత్రం దిండు గలీబు కుట్టించుకుందామని వెళ్లాను. గదిలో మెషిన్ ఆయిల్ వాసన. వదిన గోడవైపు తిరిగి, రెండు చేతులూ గుడ్డ మీద పెట్టుకుని కూర్చుంది. వెనక రికార్డు తిరుగుతోంది. అరుపు ఇరుక్కుంది. మళ్లీ... మళ్లీ...

నేను లేవబోయాను.

"ఉండు వదినా," అంది గుసగుసగా. "వస్తారు. అటు చూడకు."

కాలిన ఇనుము వాసన వచ్చింది.

టక్.

పాట సాగింది. వదిన కళ్లు తుడుచుకుంది. "రోజుకి ఇంతే. ఈ ఒక్క తట్టు."

ఈ సంగతి నేనెవరికీ చెప్పలేదు. నాలాంటిదానికి అదెంత కష్టమో వీధినడగండి.

ఆమె తమ్ముడు మంచివాడు. మంచివాళ్లతోనే వస్తుంది చిక్కు. ఎక్కడో వెతికి అదే రికార్డు, గీత లేనిది, పట్టుకొచ్చాడు. పాతదాన్ని విరిచి చెత్తలో పారేశాడు.

"ఇక నువ్వు మాటిమాటికీ లేవక్కర్లేదక్కా," అన్నాడు.

ఆ సాయంత్రం మూడో పాట ఎక్కడా ఆగలేదు. ఎవరూ రాలేదు. ఆమె ఏడుపు పాట కింద దాక్కుందామని చూసింది గాని, పాటే ముందు అయిపోయింది. రోజూ ఆ అరుపులు పడలేక కిటికీ మూసుకునే మందుల షాపాయన కూడా ఆ రోజు మూయలేదు.

మర్నాడు వదిన కత్తెర మొనతో కొత్త రికార్డు మీద తనే గీత గీసింది. తోడుగా నన్ను కూర్చోమంది. ముల్లు ఇరుక్కుంది. అరుపు... అరుపు... ఎంతసేపటికీ ఎవరూ రాలేదు.

తర్వాత వాసన వచ్చింది. ఇనుముది కాదు. నీళ్లు నిలిచిన గోతి వాసన.

టక్. పాట కాస్త సాగింది.

టక్. మళ్లీ గీత దగ్గరికే వెనక్కి.

టక్... టక్...

"వదినా... అది అన్నయ్య కాదు."

"తెలుసు. అయినా ఎవరో ఒకరు వస్తున్నారుగా."

అప్పట్నుంచి ఆ ఇంట్లో పాట గీత దాటలేదు.

నిన్న వెళ్తే మగవాళ్ల చొక్కా కుడుతోంది. దారం కొరికి, ఎత్తి దులిపింది. మెడా, భుజాలూ మామూలుగానే ఉన్నాయి. చేతులు మాత్రం నేలదాకా వేలాడుతున్నాయి.

"కొలత సరిపోయిందా?" అని మెల్లగా అడిగింది.

అడిగింది నన్ను కాదు.