ఎక్కువైన ఇంజన్ ఆయిల్

నల్లటి ఆయిల్ సన్నని ధారగా రేకు పళ్ళెంలోకి జారుతోంది.

"చూశావా, కాటుకలా ఎలా అయిపోయిందో! ఇంత మురికి లోపల పెట్టుకుని గడ్డి కొయ్యమంటే ఈ మిషన్ మాత్రం ఏం చేస్తుంది పాపం" అంది అమ్మమ్మ.

జెట్టు ముక్కు మూసుకుని పళ్ళెంలోకి తొంగిచూసింది. ఆ పిల్లకు పదేళ్లు. ఏ పనైనా జెట్ విమానంలా పరుగెత్తుతూ చేస్తుందని ఇంట్లోనూ స్కూల్లోనూ అందరూ జెట్టు అనే పిలుస్తారు.

స్కూల్ గ్రౌండ్ బాగోగులు చూసే ఉద్యోగం అమ్మమ్మది. చెట్లకు నీళ్లు పెట్టడం దగ్గర నుంచి గడ్డి కోసే మిషన్ రిపేరు దాకా అన్నీ తనే చేసుకుంటుంది. కానీ పోయిన వారం షెడ్డు మెట్ల మీద జారిపడి కుడిచేతికి కట్టు కట్టించుకుంది. ఈలోగా గడ్డేమో ఫుట్‌బాల్ సగం మునిగేంత పెరిగింది.

సాయంత్రం నాలుగింటికి పక్క స్కూలు అమ్మాయిలతో మ్యాచ్ ఉంది. జెట్టు వాళ్ల టీమ్ ఇంతవరకూ ఆడిన మ్యాచులన్నీ ఎవరో ఒకరి గ్రౌండ్‌లోనే. సొంత గ్రౌండ్‌లో ఆడడం ఇదే మొదటిసారి.

"గడ్డి కొయ్యకపోతే మ్యాచ్ వాళ్ల స్కూల్లోనే పెట్టుకోవాల్సి వస్తుంది" అని గేమ్స్ టీచర్ పొద్దున్నే చెప్పింది.

"నేనున్నాగా! అమ్మమ్మ చెబుతుంది, నేను చేసేస్తా" అని జెట్టు ఛాతీ విరుచుకుని మాటిచ్చింది.

ఆయిల్ తీసేముందు, అమ్మమ్మ చెప్పినట్టే ఇంజన్‌ను ఐదు నిమిషాలు తిప్పి వేడెక్కించారు. ఆయిల్ వేడెక్కితే తేలిగ్గా కారుతుందట. తర్వాత ఇంజన్ ఆపి, పొరపాటున కూడా స్టార్ట్ కాకుండా స్పార్క్ ప్లగ్ వైరు ఊడదీశారు. కింద ఉన్న బోల్టును జెట్టు స్పానర్‌తో విప్పింది. ఇప్పుడు పాత ఆయిలంతా కారిపోయాక మళ్లీ గట్టిగా బిగించింది.

అంతలో గేటు దగ్గర నుంచి టీచర్ పిలిచింది. గ్రౌండ్‌లో గీతలు గీసే ముగ్గు పిండి ఉన్న స్టోర్ రూమ్ తాళం కావాలట.

"ఇదుగో అమ్మడూ, కొత్త ఆయిల్ సీసాలో సగం పోసి ఆగు" అంటూ అమ్మమ్మ లేచింది. "ఆయిల్ మూతకు పొడుగాటి పుల్ల ఉంది చూశావా? దాని చివర రెండు గీతలున్నాయి. ఆయిల్ ఆ రెండింటి మధ్య ఉండాలి. పుల్ల చూస్తూ కొంచెం కొంచెం పొయ్యి."

"తెలుసులే అమ్మమ్మా!"

అమ్మమ్మ అటు వెళ్లింది. జెట్టు గరాటు పెట్టి పోయడం మొదలుపెట్టింది. కొత్త ఆయిల్ తేనె రంగులో తళతళలాడుతూ దిగుతోంది. సగం సీసా అయింది.

'మిగతాది మాత్రం ఎందుకు దాచడం? ఎక్కువ పోస్తే ఇంకా బాగా తిరుగుతుందిగా' అనుకుంది. గుడగుడమని సీసా మొత్తం వంపేసి మూత బిగించింది.

"పుల్ల చూశావా?" తిరిగి వస్తూనే అడిగింది అమ్మమ్మ.

"ఆఁ... చూశా."

"గీతల మధ్యే ఉందా?"

"ఉంది."

ఆ మాట ఎలా వచ్చిందో జెట్టుకే తెలియదు. నోట్లోంచి జారిపోయింది, అంతే.

వైరు మళ్లీ తగిలించారు. అమ్మమ్మ ఎడమచేత్తో హ్యాండిల్ దగ్గరి లీవర్ నొక్కి పట్టుకుంది. జెట్టు తాడు లాగింది. ఇంజన్ ఒక్కసారి గుర్రుమంది. ఆ వెంటనే తెల్లటి పొగ బుస్సుమని ఎగిసింది. ఖళ్ ఖళ్ మని దగ్గి ఆగిపోయింది. ఎన్నిసార్లు లాగినా ఉలకలేదు, పలకలేదు.

పొగ చూసి టీచర్ పరుగెత్తుకొచ్చింది. "అయ్యో! ఇప్పుడెలాగమ్మా? వాళ్లకి ఫోన్ చేసి మేమే వస్తామని చెప్పేస్తాను."

అమ్మమ్మ మిషన్ పక్కనే కూలబడింది. "కొత్త ఆయిల్ పోసినా ఇలా చేస్తోందంటే లోపలేదో పోయింది టీచర్. ఇంక దీన్ని పాత సామాన్లవాడికి ఇచ్చెయ్యడమే. పదహారేళ్లు చాకిరీ చేసింది పాపం."

ఎడమచేత్తో ఇంజన్ మీద దుమ్ము తుడుస్తున్న అమ్మమ్మ వైపు జెట్టు చూసింది. తను నోరు మెదపకపోతే ఎవరికీ తెలియదు. కానీ ఏ పాపమూ ఎరగని మిషన్ పోయి పాత సామాన్లలో పడుతుంది.

టీచర్ ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంది.

"ఆగండి టీచర్!" అని అరిచింది జెట్టు. "అమ్మమ్మా, నేను పుల్ల చూళ్లేదు. చూశానని అబద్ధం చెప్పా. సీసా మొత్తం పోసేశా."

అమ్మమ్మ తలెత్తింది. జెట్టు కళ్లు గట్టిగా మూసుకుంది.

"మొత్తమా? హమ్మయ్య! అయితే మిషన్‌కి ఏమీ కాలేదు, ఆయిల్ ఎక్కువై పొగొచ్చిందంతే!"

జెట్టు ఒక కన్ను తెరిచింది. "తిట్టవా?"

"తిట్టడానికి రేపు ఆదివారమంతా ఉంది. ముందు ఆ స్పానర్ అందుకో!"

టీచర్ నవ్వేసి ఫోన్ జేబులో పెట్టుకుంది.

జెట్టు స్పానర్ అందుకోబోయి ఆగింది. ముందు వైరు ఊడదీసింది. బోల్టు వదులు చేసి కొంచెం ఆయిల్ వదిలి బిగించింది. పుల్ల తీసి, గుడ్డతో తుడిచి, ముంచి చూసింది. ఇంకా పైగీత దాటే ఉంది. మళ్లీ కొంచెం వదిలింది. మళ్లీ తుడిచింది, ముంచింది, చూసింది. ఈసారి ఆయిల్ రెండు గీతల మధ్య నిలిచింది.

ఇంజన్‌లోకి వెళ్లే గాలిని వడగట్టే ఎయిర్ ఫిల్టర్‌లోని స్పాంజి కూడా ఆయిల్‌తో తడిసి ముద్దయింది. దాన్ని సబ్బునీళ్లలో పిండి, ఎండలో ఆరబెట్టారు. అది ఆరేలోపు జెట్టు పుల్ల తీసి ఇంకోసారి చూసుకుంది.

"చాల్లేవే, టైమవుతోంది!" అంది టీచర్.

"ఒక్క నిమిషం టీచర్. చూశానని చెప్పాలంటే చూడాలిగా."

రెండున్నరకు స్పాంజి బిగించి, వైరు తగిలించారు. అమ్మమ్మ లీవర్ పట్టుకుంది. జెట్టు తాడు లాగింది. టుప్పుమంది. రెండోసారి లాగింది. దగ్గింది. పళ్లు బిగబట్టి, ఉన్న బలమంతా పెట్టి మూడోసారి లాగింది.

డుర్‌ర్‌ర్!

మొదట పొగ వచ్చింది. క్రమంగా పల్చబడింది. తర్వాత పూర్తిగా పోయింది. ఇంజన్ చక్కగా, ఒకే శ్రుతిలో మోగసాగింది. జెట్టు చంగున ఎగిరి గంతేసింది.

టీచర్ మిషన్ తోసింది. గడ్డి చారలు చారలుగా తెగిపడుతుంటే జెట్టు వెనకాలే ఊడ్చి కుప్పలు వేసింది. మూడూ ముప్పావుకల్లా గ్రౌండ్ పచ్చటి దుప్పటి పరిచినట్టు తయారైంది.

నాలుగింటికి రెండు టీములూ వరసగా నిలబడ్డాయి. "ఇవాళ మ్యాచ్ ఇక్కడ జరుగుతోందంటే కారణం ఈ అమ్మాయే. ఇంజన్ బాగుచేసింది!" అంది టీచర్. అందరూ చప్పట్లు కొట్టారు.

జెట్టు ఒక అడుగు ముందుకు వేసింది. చెవులు ఎర్రబడ్డాయి.

"పాడుచేసింది కూడా నేనేనండీ" అంది గట్టిగా, అందరికీ వినపడేలా.

గ్రౌండంతా ఒక్కసారిగా నవ్వింది. చప్పట్లు రెట్టింపయ్యాయి. ఒంటిచేత్తో చప్పట్లు కొట్టడం కుదరక అమ్మమ్మ బెంచీ మీద దబదబా బాదుతోంది.

విజిల్ మోగింది. బంతి సాఫీగా దొర్లుకుంటూ జెట్టు వైపే వచ్చింది.