బీపీ పెరగని కాపురం

2094లో విశాఖ జనం తొంభై ఏళ్ల వయసులోనూ కైలాసగిరి మెట్లు పరుగున ఎక్కుతున్నారు. దిగాక అదే ఊపుతో పోట్లాడుకుంటున్నారు. రెండింటికీ కారణం శాస్త్రవేత్త హవిష కనిపెట్టిన మూతరేణువే.

సంగతి తేలికే. రక్తనాళాల గోడల్లోని కణాలకు రిసెప్టర్లు, అంటే గ్రాహకాలు ఉంటాయి. కోపంలో ఊరే హార్మోను వాటి మీద వాలగానే కణానికి ‘బిగుసుకో’ అని కబురందుతుంది. ఏళ్ల తరబడి అదే కబురు వింటే నాళం ఎండలో పడేసిన రబ్బరు గొట్టంలా గట్టిపడుతుంది. ఒక్క సూదిమందుతో ఒంట్లో చేరే మూతరేణువులు ఆ గ్రాహకాలను కప్పేస్తాయి. కోపం వస్తుంది, నాళానికి మాత్రం తెలియదు. గుండెపోటు మాటే జనం మరిచిపోయారు. హవిషకు అదెంత గర్వమో చెప్పనలవి కాదు. ఉండొద్దూ మరి!

చిక్కల్లా ఇంట్లోనే వచ్చింది. ప్రయోగశాలలోనూ కాపురంలోనూ ముప్ఫై ఏళ్లుగా తోడున్న భర్త నిహాల్, సన్మాన సభలో ‘ఇది నా ఆలోచన’ అనేశాడు. ఆలోచన ఆమెది. ఆ గొడవకు నేటితో నలభై రోజులు. మునుపైతే వాళ్లింట్లో ఏ గొడవా గంట దాటేది కాదు. ఎవరో ఒకరు ‘బీపీ తెచ్చుకోకు, వదిలెయ్’ అనేవారు. ఓడిపోయామన్న నామోషీ లేకుండా ఇద్దరూ భోజనానికి లేచేవారు. ఇప్పుడా మాట అనడానికి లేదు. ఆ మందు అందరికంటే ముందు వేయించుకున్నది వాళ్లే.

నిహాల్ చంద్రుడి మీది ప్రయోగశాలలో అయిదేళ్ల ఉద్యోగానికి ఒప్పుకున్నాడు. పెట్టె గుమ్మంలో ఉంది. పదకొండింటికి కారు వస్తుంది. ఆ కాస్త సమయంలోనే మళ్లీ మాటా మాటా పెరిగింది. ఇంట్లోవాళ్ల బీపీ చూసే గోడ మీది నాడీయంత్రం మర్యాదగా చెప్పింది.

“ఇద్దరి నాళాలూ మెత్తగా ఉన్నాయి. గొడవ కొనసాగించవచ్చు.”

హవిషకు ఒళ్లు మండింది. వెంటనే భయం వేసింది. ఈ మనిషి వెళ్లిపోతే తను ఉండలేదు. ఆగమని అడగడానికేమో నామోషీ. మెల్లగా కుర్చీలో కూలబడి నుదురు పట్టుకుంది.

“తల తిరుగుతోంది నిహాల్. బీపీ అనుకుంటా.”

నిహాల్ గోడ వంక చూశాడు. నూటపది, డెబ్బై. ఆమె చెప్పింది అబద్ధమని భూమ్మీద అందరికంటే బాగా తెలిసినవాళ్లు ఆ ఇద్దరే. అతను వెళ్లి యంత్రం ఆపేశాడు. పెట్టె లోపలికి తెచ్చి, ఆమె చేతికి మంచినీళ్ల గ్లాసు అందించాడు.

“సరేలే, ఆ ఆలోచన నీదే. నీ బీపీ కోసం ఒప్పుకుంటున్నా, అంతే,” అన్నాడు.