పచ్చ టిక్కు పడిన మందు

లిఫ్ట్ తలుపులు తెరుచుకునేసరికి ప్రొఫెసర్ గోడకు చేరగిలబడి కూర్చుని ఉన్నాడు. కునుకు తీస్తున్నట్టే ఉంది. మెడ మీద మాత్రం సూది గుచ్చిన గుర్తు.

చీఫ్ బ్రీఫింగ్ క్లుప్తంగా ముగించాడు. ఎవరూ పరిశీలించకముందే శాస్త్రవేత్తలు ఇంటర్నెట్‌లో పెట్టేసే పరిశోధన పత్రాలను ప్రిప్రింట్లంటారు. వాటిని జల్లెడ పట్టే సాఫ్ట్‌వేర్ ప్రొఫెసర్‌ది. డేటా బయటపెట్టారా, అదే ప్రయోగం ఇంకొకరు మళ్లీ చేసి చూడగలరా అని వెతుకుతుంది. అన్నీ ఉంటే పచ్చ టిక్కు, లేకపోతే ఎర్ర గుర్తు. ఊళ్లను ఊడ్చేస్తున్న జ్వరానికి మందు కనిపెట్టామంటూ ఒక విదేశీ ముఠా పెట్టిన పత్రాలన్నిటికీ పచ్చ టిక్కులే పడ్డాయి. అవి చూసి మంత్రి ఈ మధ్యాహ్నం అనుమతి మీద సంతకం పెట్టబోతున్నాడు. ఆ మందు కిడ్నీలను తినేస్తుందని డిపార్ట్‌మెంట్ అనుమానం.

"మెషీన్‌ని ఎవడో కెలికాడు. పట్టుకో," అన్నాడు చీఫ్. "లోపల మన మనిషి ఉంది."

"మన మనిషేనా?" అడిగాడు ఏజెంట్. డిపార్ట్‌మెంట్‌లో అతన్ని ముంగిస అంటారు.

"వాళ్లూ అలాగే అనుకుంటున్నారు."

ఏసీ మెకానిక్ వేషంలో ముంగిస సర్వర్ రూమ్‌లో అడుగుపెట్టాడు. లోపల ఒకావిడ ఉంది. ముదురు ఎరుపు లిప్‌స్టిక్, నల్ల కళ్లద్దాలు, నడిస్తే చప్పుడు కాని హైహీల్స్. ఆమెను రెండు వైపులా మెరుపు అనే పిలుస్తారు.

"గ్యాస్ అయిపోయిందా మేడమ్?"

"గ్యాస్ ఉంది. చల్లదనమే లేదు."

కోడ్ సరిపోయింది. అతను స్క్రూడ్రైవర్ పిడి విప్పి, మెషీన్‌ని పరీక్షించడానికి అందులో దాచిన పెన్‌డ్రైవ్ బయటికి తీశాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"వృథా. దీన్ని ఎవరూ ముట్టుకోలేదు. డేటా ఇస్తామని రాశారా లేదా అని చూస్తుందంతే. ఇచ్చారో లేదో చూడదు. ఏ మాట రాస్తే పచ్చ పడుతుందో మావాళ్లు కనిపెట్టారు. ఆ మాటలే రాశారు."

"మరి ప్రొఫెసర్‌ని ఎందుకు చంపారు?"

"పత్రంలో ఇచ్చిన డేటా లింకు తెరిచి లోపల ఏముందో చూసే ప్రోగ్రామ్ రాశాడు. ఇవాళ ఆన్ చేసేవాడు."

ఆయన్ను మాటల్లో పెట్టి లిఫ్ట్ దాకా తీసుకెళ్లింది తానేనని, సూది సంగతి తనకు చెప్పలేదని అంది. నమ్మాలో వద్దో ముంగిసకు తెలియలేదు. ఈలోగా ఆమె అద్దాలు తీసి పక్కన పెట్టి, ప్రొఫెసర్ పాస్‌వర్డ్ టైప్ చేసి ఆ ప్రోగ్రామ్‌ను ఆన్ చేసింది.

పై అంతస్తులో మంత్రి పెన్ను మూత తీశాడు. గోడ మీది స్క్రీన్‌లో పచ్చ టిక్కులు ఎర్రబడ్డాయి. ముఠా ఫైళ్లలో ఒకే రోగి వివరాలు పేజీలకు పేజీలు కాపీ అయి ఉన్నాయి. చనిపోయినవాళ్ల వరుసలు దాచేసి ఉన్నాయి. మంత్రి పెన్ను మూత పెట్టేశాడు.

ఎరుపు మాత్రం అక్కడితో ఆగలేదు. నిజాయితీగా పనిచేసినవాళ్ల పత్రాలూ వరసగా ఎర్రబడ్డాయి. కొన్నిటికి లింకులు చచ్చిపోయాయి, కొందరి ఫైళ్లు ఎక్కడున్నాయో వాళ్లకే తెలియదు. లోకమంతటి నుంచీ శాస్త్రవేత్తలు ఫోన్లలో విరుచుకుపడ్డారు. సాయంత్రానికల్లా పైవాళ్లు ఆ ప్రోగ్రామ్‌ను తీసేయించారు. ముఠా ఇంకో పేరుతో ఇంకో పత్రం పెట్టింది. మెరుపు మళ్లీ కనిపించలేదు. ఆమెను ఏ వైపువాళ్లు తీసుకెళ్లారని అడిగితే చీఫ్ కిటికీలోంచి బయటికి చూశాడు.

ముంగిస ఇల్లు చేరేసరికి అక్క ఫోన్ చేసింది. ఆమె జ్వరం వార్డులో నర్సు. మంచాలు చాలక మనుషుల్ని వరండాలో పడుకోబెడుతున్నామని, ఇవ్వడానికి మంచినీళ్లు తప్ప ఏమీ లేవని చెప్పింది.

"ఇవాళ మందొస్తుందని అందరికీ చెప్పాంరా. ఏ మహానుభావుడో అడ్డుపడ్డాడట. ఎవడో నీకేమైనా తెలుసా?"

తెలియదన్నాడు.

ఏజెంటు ఎంత ఘనకార్యం చేసినా అతని పేరు బయటికి పొక్కకూడదని డిపార్ట్‌మెంట్ నియమం. ఉద్యోగంలో చేరిన ఇన్నేళ్లకు ఆ నియమం అతనికి మనసారా నచ్చింది.