రెండు జడల నీలకంఠం

మా అత్త కాసులమ్మ మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. ఆవిడ దేవుడి పేరు చెప్పి అబద్ధమాడితే దేవుడు కూడా నమ్మేస్తాడు.

నీలకంఠం పుట్టినప్పుడు నాకు కాన్పు కష్టమైంది. ఆ తరవాత తుమ్మినా, దగ్గినా, నవ్వినా మూత్రం ఆగేది కాదు. చీర తడిసేది. అత్తకు చెప్పాను.

“మగోడికి సెప్పకు. అసియ్యించుకుంతాడు. నాను సూసుకుంతాను.”

చూసుకుంది. పిల్లాడి పుట్టువెంట్రుకలు సింహాద్రి అప్పన్నకు ఇచ్చేదాకా ఆలుమగలు ఒకే మంచం మీద పడుకోకూడదని మొక్కుకున్నానంది. మా ఆయన పేరు మన్మథరావు. పడక అరుగు మీద.

పెళ్లికి ముందు బావ మా జీడితోటలో సైకిలుతో సహా గోతిలో పడ్డాడు. నేను విరగబడి నవ్వాను. “నువ్విలా నవ్వుతానంటే రోజూ పడతాను” అన్నాడు. ఆ నవ్వు కోసమే చేసుకున్నాడు. ఇప్పుడు ఆయన జోకు మొదలెడితే నేను వంటింట్లోకి పోతున్నాను.

వానొస్తే అరుగు మీదికి జల్లు కొట్టేది. కిటికీ అవతల ఆయన దగ్గేవాడు. ఇవతల నేను నా దగ్గు ఆపుకునేదాన్ని.

“సుభద్రా, ఈ ఆదివారం అప్పన్న కాడికి రైలెక్కుదామేటి?”

“పిల్లాడికి జలుబు, బావా.”

“ఆడికా, నీకా?”

మొక్కు తీరిపోతే నేనెక్కడ దాక్కోను? వాయిదాలు వేస్తూ పోయాను. నీలకంఠం జుట్టు రెండు జడలైంది.

చివరికి ఒకనాడు బావ అడగకుండానే బండి కట్టించాడు. పలాస స్టేషన్లో అత్తతో సహా అందరం రైలు కోసం కూర్చున్నాం. గాజులమ్మే ఆవిడ వచ్చి, “పాపకి గాజులెయ్యమంతారా?” అంది.

నీలకంఠం కోపంగా లాగు విప్పి సమాధానం చెప్పాడు.

నవ్వేశాను. ఎన్నాళ్లదో ఆ నవ్వు, ఆగలేదు. ఏదీ ఆగలేదు. బల్ల మీంచి లేవలేక కళ్లనీళ్లతో కూర్చున్నాను.

బావ నా చీర చూశాడు, నా మొహం చూశాడు. “ఇదా? ఇందుకా?”

తలూపాను.

“నానంటే ఇష్టం పోయిందనుకున్నానే.”

మంచినీళ్ల కూజా ఎత్తి నా ఒళ్లోనూ, తన పంచె మీదా ఒంపేశాడు. “సూడండర్రా, కూజా కూడా పట్టుకోనేను!” అని అరిచాడు. ప్లాట్‌ఫారమంతా ఆయన్ని చూసి నవ్వింది. నన్నెవరూ చూడలేదు.

“మరి అప్పన్న మొక్కు?” అన్నాను.

“ముందు లేడీ డాక్టరు కాడికి. అప్పన్న ఆగుతాడు. నానాగినాను కదా!”

అత్త నా కుచ్చెళ్లు పిండుతూ కూర్చుంది.

“నీ మొగుడు పుట్టినాక నాకూ ఇంతేనే. మీ మావకి సెప్పనేదు. పోయేదాకా ఆ అరుగు మీదే పడుకున్నాడు. నానంటే ఇష్టం నేకే దూరంగా ఉందని అనుకునే పోయుంతాడు.”

పిండడం ఆపింది.

“తప్పు నాదేనే, సుభద్రా. అప్పుడూ నాదే, ఇప్పుడూ నాదే.”